పాటలకు ముందే అచ్చయిన పుట

పోయినవాటిని ముందుగా లెక్కపెట్టుకుంటాను. దుఃఖపడటానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఒక మనిషి పోయాడు. ఒకే పుట మీద తెలుగునూ ఉర్దూనూ ఎదురెదురుగా నడిపించగల చేయి పోయింది. ఎవరు ఎలా పాడితే అలాగే, తన తెలివి కలపకుండా, స్వరం రాసుకోగల చెవి పోయింది. ‘నాదపేటిక’ అనే సంగీత మాసపత్రిక పోయింది. శాలిబండలో ఒక ఇల్లాలికి తెల్లవారకముందే తలుపు గడియ తీసి, మళ్ళీ ఆ అడుగుల చప్పుడు కోసం ఎదురుచూసే పని పోయింది. నాతో పోట్లాడే మనిషి పోయాడు. అటువంటివాడు నాకు ఇంకొకడు లేడు. ఇవన్నీ పూర్తిగా పోయినవి. పూర్తిగా పోకుండా, చేయి చాపితే అందేటట్టు కనిపిస్తూ, రోజురోజుకూ పోతూ ఉన్నది మరొకటి ఉంది. ఈ వ్యాసం దాని కోసం రాస్తున్నాను.

అనంతయ్య గారు మరణించారన్న వార్త నాకు రహీమ్ సాబ్ చెప్పారు. రహీమ్ సాబ్‌ది అఫ్జల్‌గంజ్ వెనక సందులో రాతి అచ్చు ప్రెస్సు. మా పత్రిక లోపలి పుటలు సీసపు అక్షరాలతో వేరేచోట అచ్చయ్యేవి కాని, అట్టా విషయసూచికా మాత్రం అనంతయ్య గారు స్వయంగా చేత్తో రాస్తే, రాతి మీదికి దింపి రహీమ్ సాబ్ అచ్చు వేసేవారు. ఆ మధ్యాహ్నం ఆయన నేను గుమాస్తాగా ఉన్న బియ్యం దుకాణానికి వచ్చి, “రాజయ్యా, అనంత్ భాయ్ చలే గయే” అన్నారు. వెళ్ళిపోయారన్న మాటే నాకు వినిపించింది.

“మళ్ళ చాంద్రాయణగుట్టకేనా? గంత జరంతోని ఎట్ల పోనిచ్చిన్రు సాబ్?” అని నేను ఆయన మీదే కోప్పడ్డాను.

ఆయన దుకాణం మెట్టు మీద కూర్చున్నారు. ప్రెస్సు వదిలి పగటిపూట ఎక్కడా కూర్చునే మనిషి కాదాయన. అప్పుడు నాకు అర్థమైంది.

అనంతయ్య గారిని ఎరుగనివారికి ఆయనను ఎలా పరిచయం చేయాలో తెలియడం లేదు. ఒక జాగీరు కచేరీలో ఉర్దూ నకళ్ళు రాసే ఉద్యోగం ఆయనది. తండ్రి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. అయితే ఏనాడూ సభలో పాడలేదు. “నా గొంతు ఇంటి గోడలకు అలవాటయింది, కొత్త గోడలను ఎందుకు బెదిరియ్యాలె” అనేవారు. ఇతరుల పాటలు అచ్చులో నిలబెట్టాలన్నది మాత్రం ఆయన జీవితాశయం. జీతంలోంచి మిగిల్చి పంతొమ్మిది వందల ముప్ఫైల నడిమి కాలంలో ‘నాదపేటిక’ మొదలుపెట్టారు. పాటల సాహిత్యం, స్వరం, తాళం అన్నీ అందులో ఉండేవి. పెద్ద పట్టణాల నుంచి వచ్చే పత్రికల పక్కన అది సన్నగా, పేదగా కనిపించేది. కాని ఆ పత్రికను తెరిచినవారెవరూ మొదటి పుటను దాటి వెంటనే లోపలికి వెళ్ళలేకపోయేవారు. ఆ పుట విషయసూచిక.

నేను ఆయనను కలుసుకున్నది కూడా దానివల్లనే. నేను బడిలో లెక్కలు నేర్చినవాణ్ణి కాను. బియ్యం బస్తాల మీద కూర్చుని, పాత కాగితాల మీద నాకు నేనే నేర్చుకున్నాను. ఒకసారి మా యజమాని ఇంట్లో ‘నాదపేటిక’ చూశాను. విషయసూచికలో ఒక పాట మూడో పుటలో ఉన్నదని రాసి ఉంది. తిప్పిచూస్తే ఐదో పుటలో ఉంది. అటువంటిది చూసి ఊరుకోవడం నా స్వభావంలో లేదు. ఆ సాయంత్రమే అడ్రసు పట్టుకుని శాలిబండకు వెళ్ళి చెప్పాను. అనంతయ్య గారు పత్రిక తీసి చూసి, నన్ను పైనుంచి కిందికి చూసి, “తప్పు పట్టెటందుకు గింత దూరం నడిసొచ్చినవా?” అన్నారు. “అవునన్నా” అన్నాను. “అయితే వచ్చే నెల నుంచి పుటల లెక్క నీదే. తప్పు వస్తే నీ ఇంటికి నేను నడిసొస్త.” ఆ మాటతో నేను పత్రికవాణ్ణి అయ్యాను. ఏ పాటకు ఎంత చోటు పడుతుంది, పెద్ద కాగితం మడిస్తే ఏ పుట ఎక్కడ వస్తుంది అన్నది చూడటం నా పని. సంగీతం నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

సంగీత పత్రికల విషయసూచికకు ఒక ఆచారం ఉంది. పైన సంపాదకీయం. దాని కింద అందరికంటే పేరున్న విద్వాంసుడి కృతి, మిగిలినవాటికంటే లావుపాటి అక్షరాల్లో. తర్వాత ఆయనకంటే కొంచెం తక్కువవారు. అలా దిగుతూ వచ్చి అట్టడుగున, స్త్రీలు పంపిన పాటలకు ‘ఒక సోదరి’ అని. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచే చోటులాగా ఉండేది ఆ ఆఖరి వరుస. అనంతయ్య గారు ఈ మెట్లన్నీ తీసేశారు. అక్షరాలన్నీ ఒకే లావు. వరుస మాత్రం రాగాల వేళ ప్రకారం. తెల్లవారుజామున పాడే రాగాలు పైన, తర్వాత పొద్దెక్కాక పాడేవి, మధ్యాహ్నానివి, దీపాలవేళవి, అట్టడుగున నిద్రపుచ్చే నీలాంబరి. పుట చదువుతుంటే ఒక రోజు గడిచినట్టు ఉండేది.

అయితే లోపల పాటలు ఆ వరుసలో ఉండేవి కావు. ఏ పాట ఏ ఖాళీలో పడితే అక్కడ సర్దేవాణ్ణి నేను. అందువల్ల విషయసూచికలో పుటల అంకెలు ఎగుడుదిగుడుగా వచ్చేవి. మొదటిసారి ఆ కాగితం చూసినప్పుడు నాకు తల తిరిగింది.

“అన్నా, ఇదేంది? తొమ్మిది తర్వాత నాలుగు. నాలుగు తర్వాత ఇరవై రెండు. లెక్క గిట్ల నడుస్తదా ఏడనన్న?”

“లెక్క నీ దుకాణంల నడువనీ తమ్మీ. ఇక్కడ పొద్దు నడుస్తది.”

“మరి చదివెటోనికి పాట ఎట్ల దొరకాలె?”

“పొద్దుగాల లేసినోడు మొదటి వరుస చూస్తడు. నిద్ర పట్టనోడు ఆఖరి వరుస చూస్తడు. నడిమిట్ల ఉన్నయి నీ అసొంటోళ్ళకు, దుకాణం బంద్ చేసి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునెటోళ్ళకు.”

ఈ పోట్లాట ప్రతి నెలా జరిగేది. ప్రతి నెలా నేను ఓడిపోయేవాణ్ణి. ఓడిపోయి, ఆయన ఇల్లాలు, నేను వదిన అని పిలిచే ఆమె, ఇచ్చిన చాయ్ తాగి, మూసీ వంతెన దాటి ఇంటికి వెళ్తూ, దారిలో ఆ పుటను మరొకసారి తీసి చూసుకునేవాణ్ణి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా పత్రికకు ఉర్దూ చదివే పాఠకులు కూడా ఉండేవారు. వారి కోసం పాటల పేర్లు ఉర్దూలోనూ ఇవ్వాలి. ఇతరులైతే వెనక వేరొక పుట వేసేవారు. అనంతయ్య గారు ఒకే పుటలో ఎడమ వైపు తెలుగు, కుడి వైపు ఉర్దూ రాశారు. తెలుగు పాట పేరు నుంచి చుక్కల గీత కుడికి వస్తుంది. ఉర్దూ పేరు నుంచి చుక్కల గీత ఎడమకు వస్తుంది. రెండూ పుట నడుమ ఒకే అంకె దగ్గర కలుస్తాయి. లిపి ఎటు నుంచి నడిచినా అంకె మాత్రం రెండింటిలోనూ ఎడమ నుంచి కుడికే నడుస్తుందని ఆయనకు చెప్పింది నేను. ఆ రోజు ఆయన కలం కింద పెట్టి, “నువ్వు ఇన్నేండ్లల్ల చెప్పిన ఒక్కటే సంగీతం మాట ఇది రాజయ్యా” అన్నారు. నా జీవితంలో నాకు దొరికిన బిరుదు అదే.

పాటలకు పేర్లుండవు కనుక ఎత్తుగడ మాటలే విషయసూచికలో వేస్తారు. చోటు చాలినంత వరకు వేసి, చాలని చోట విరిచేస్తారు. అనంతయ్య గారు అలా విరిచేవారు కాదు. పాడేవారికి ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడే మాట ఆపి చుక్కలు పెట్టేవారు. దానికోసం ఒక్కొక్క వరుస నాలుగైదుసార్లు తిరగరాయడం నేను చూశాను. “విషయసూచిక చదువుతుంటెనే గొంతు లేవాలె. లేవకపోతే అది కిరాణా చీటీ” అనేవారు.

ఇంత ప్రేమగా కట్టిన పద్ధతిలోనే ఆయనకు తన జీవితంలోని పెద్ద తప్పు ఎదురైంది. సంస్మరణలో తప్పులు రాయకూడదంటారు. ఈ తప్పు రాయకపోతే అనంతయ్య గారు ఎందుకు చనిపోయారో ఎవరికీ అర్థం కాదు.

శాలిబండలో వారింటికి పాలు చాంద్రాయణగుట్టలోని ఒక గేదెల కొట్టం నుంచి వచ్చేవి. ఒక రోజు పాలు రాలేదు. కనుక్కుని వస్తానని అనంతయ్య గారు చీకటితోనే ఆ కొట్టానికి నడిచి వెళ్ళారు. అక్కడ సాయమ్మ అనే ముసలావిడ గేదె పొదుగు దగ్గర కూర్చుని పాలు పితుకుతూ పాడుతున్నది. ఆమె అత్త పాడేదట, ఆ అత్తకు అత్త పాడేదట. పితికే చేతుల తాళానికి కట్టిన పాటలవి. అనంతయ్య గారు పాల సంగతి మరిచిపోయి, పాట రాసుకుని తిరిగి వచ్చారు. “ఆ రోజు ఇంట్ల చాయ్ లేదు, ఈయన మొఖంల ఎలుగు మాత్రం మస్తు ఉండె” అని వదిన తర్వాత ఎన్నోసార్లు చెప్పి నవ్వేది.

ఆ పాట తర్వాతి సంచికలో వేయడానికి సిద్ధమైంది. రాగం పేరు రాసే చోట ఏమి రాయాలో ఆయన ఎంతో ఆలోచించారు. భూపాలానికి దగ్గరగా ఉందట కాని భూపాలం కాదట. చివరకు ‘పాలు పితికే వేళ’ అని రాశారు. వేళ ప్రకారం అది అన్నింటికంటే ముందుది కనుక విషయసూచికలో మొదటి వరుసలో నిలిచింది. పాడినవారు: సాయమ్మ.

అచ్చుకు ముందు విషయసూచికను ముఖ్యమైన విద్వాంసులకు చూపడం పద్ధతి. వారి బిరుదులు సరిగ్గా ఉన్నాయో లేదో వారే చూసుకోవాలి. ఆ నెల ఒక భాగవతులు గారు మరి ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన కూర్చోలేదు.

“ఏమయ్యా అనంతయ్యా, అట్ట తిప్పితే మొదట కనపడేది పాలమ్ముకునేదా? దాని కింద నేనా?”

“కింద మీద అని కాదు స్వామీ. అది తెల్లారకముందు పాట. మీది పొద్దెక్కినంక పాడే తోడి. పొద్దు వరుస.”

“పొద్దు సంగతి మాకు నేర్పకు. పేరు తీస్తావా, మా పాటలు తీసుకుని పొమ్మంటావా?”

అప్పటికి పత్రిక ఆ నలుగురి పాటల మీదే నిలబడి ఉంది. అనంతయ్య గారు రాత్రంతా ఆలోచించి ఒక దారి కనుక్కున్నారు. చోటు మార్చలేదు, పేరు మార్చారు. మొదటి వరుసలో సాయమ్మ పేరు తీసి ‘ఒక పాలమనిషి’ అని రాశారు. “జాగ ఇచ్చిన కద తమ్మీ. వాళ్ళకు ఆ పేరు పోవాలె, పాటకు జాగ కావాలె. ఇద్దరిది నిలవడ్డది” అని నాతో అన్నారు. నాకూ అది చక్కని లెక్కలాగే కనిపించింది.

సాయమ్మకు చదువు రాదు. పక్కింట్లో మిషన్ బడి టీచరమ్మ ఉండేది, మా పత్రిక ఆమెకు టపాలో వచ్చేది. ఆమె చేత చదివించుకుంది. సంచిక చూపిద్దామని అనంతయ్య గారు ఉత్సాహంగా వెళ్ళేసరికే ఆమెకు సంగతి తెలుసు. ఆ మాటలు ఆయన నాకు ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పారు.

“ఏం కొడుకా, నీ బుక్కుల నా పేరేం రాసినవు?”

“పాట అన్నిటికన్న మీద ఏసిన అవ్వా. పెద్ద పెద్ద విద్వాంసుల కన్న మీద.”

“పాట కాదు. నా పేరు.”

అనంతయ్య గారు చేతిలోని సంచికను మూశారు.

“మా బర్రెకు పేరున్నది. గౌరి అని పిలుస్తె తల తిప్పుతది. దాని దూడకు గూడ పేరు పెట్టినం. నీ బుక్కుల నాకే లేకపాయె?”

“తప్పయింది అవ్వా.”

“అయితె అయింది. పాలు తీస్కపో. పాట లేదు.”

ఆ తర్వాత ఆయన వెళ్ళినప్పుడల్లా ఆమె మౌనంగా పాలు పితికేది. ఆయన చెంబు నింపుకుని తిరిగి వచ్చేవారు. దారి మలుపు తిరిగాక ఆమె గొంతు ఎత్తేదని ఆమె కొడుకులు చెప్పేవారు. “గోడ ఎనక నిలవడి రాస్కుంటె ఎవరాపుతరన్నా?” అని ఒకసారి నేను అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు నేను తల దించుకున్నాను. “పాలు దొంగతనం చేసినోన్ని కొడతరు. పాట దొంగతనం చేసినోన్ని ఎవరు కొట్టరని చేస్తరా?” అన్నారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. కాగితం దొరకడం కష్టమైంది. పత్రిక ముప్ఫై రెండు పుటల నుంచి పదహారుకు, తర్వాత ఎనిమిదికి దిగింది. ఎనిమిది పుటల్లో ఒక పుట విషయసూచికకు ఎందుకని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. భాగవతులు గారి బృందం మరొక పత్రికకు వెళ్ళిపోయింది. ఎవరి కోసం ఆ పేరు తీసేశారో వారే ఉండలేదు. చివరకు ఎనిమిది పుటలకు కూడా కాగితం లేక పత్రిక ఆగిపోయింది. అనంతయ్య గారు బక్కచిక్కిపోయారు. అయినా తెల్లవారుజామున చాంద్రాయణగుట్టకు నడవడం మానలేదు. ఇంటికి పాలిచ్చేవారు వేరే దొరికినా మానలేదు.

గత వర్షాకాలానికి ముందు సాయమ్మకు ఆయాసం మొదలైంది. ఒక రోజు ఆమె పొదుగు దగ్గర నుంచి లేవలేక కూర్చుండిపోతే అనంతయ్య గారే చేయి పట్టి లేపారట. అప్పుడామె అన్నది:

“ఇన్నొద్దులు పాట కోసం తిరిగినవు. నా పేరు అచ్చేసి చూపియ్యి కొడుకా. అప్పుడు నాకొచ్చినయన్ని పాడుత. అప్పుడు అచ్చయింది గాక ఇంక పదకొండున్నయి.”

రాగం తీయకుండా, ఉత్త మాటలుగా, పదకొండు పాటల ఎత్తుగడలు చెప్పింది. ఆయన రాసుకుని, ఇంటికి వెళ్ళకుండా నేరుగా నా దుకాణానికి వచ్చారు.

“తమ్మీ, విషయసూచిక రాస్తున్న.”

“ఏ సంచికకన్నా? కాగితం దొరికిందా?”

“దొరకలె. విషయసూచిక ఒక్కటే.”

“పాటలు లేకపాయె, పుటలు లేకపాయె. పుటలు తయారైనంక ఆఖర్ల రాసేది అది. నేను నంబర్లు ఏడికెల్లి తేవాలె?”

“నంబర్ల జాగ ఖాళీ పెడుత. పాట వచ్చినకొద్ది నింపుత.”

ముందు విషయసూచిక, తర్వాత పత్రిక. మా వృత్తిలో ఇంతకంటే తలకిందుల పని ఉండదు. కాని ఆ రోజు నేను పోట్లాడలేదు. రహీమ్ సాబ్ దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయన కాగితం చూసి, పుస్తకం లేని విషయసూచిక పెళ్ళికొడుకు లేని ఊరేగింపేనని పెద్దగా నవ్వారు.

“అరె అనంత్ భాయ్, కితాబ్ నై, ఖాలీ ఫెహ్‌రిస్త్? దుల్హా నై, ఖాలీ బారాత్?”

“దుల్హా వస్తడు సాబ్. ముందు బారాత్ తియ్యి.”

రహీమ్ సాబ్ దగ్గర పెళ్ళిపత్రికల కోసం తెచ్చి మిగిలిన గులాబీరంగు కాగితం కొంత ఉంది. దాని మీదే అచ్చు వేశారు. ఒకే గాయకుడి పాటలు వరుసగా వచ్చినప్పుడు మొదటి వరుసలో పేరు వేసి, కింద వరుసల్లో ‘పై పేరే’ అన్న గుర్తు వేయడం ఆచారం. అనంతయ్య గారు ఆ గుర్తు వాడలేదు. ప్రతి వరుసలోనూ, తెలుగులోనూ ఉర్దూలోనూ, సాయమ్మ పేరు పూర్తిగా రాశారు. పుట నడుమ, రెండు చుక్కల గీతలు కలిసే చోట, ఏమీ లేదు. అడుగున ‘పాటలు వెనుక వస్తాయి’ అని ఒక్క మాట. దాన్ని చందాదారులందరికీ టపాలో పంపించాం. ఒక చందాదారు, “విస్తరి చక్కగా వేశారు, వడ్డన ఎప్పుడు?” అని కార్డు రాశారు. అనంతయ్య గారు ఆ కార్డు పట్టుకుని చాలాకాలం తర్వాత మనసారా నవ్వారు.

ఆ గులాబీ కాగితం సాయమ్మకు చూపించడానికి వెళ్ళిన రోజు నేనూ వెంట ఉన్నాను. ఆయన చదువుతుంటే ఆమె పాల చేయి చీరకు తుడుచుకుని, పేరు ఉన్న ప్రతి చోటా వేలు పెట్టి చూసుకుంది.

“ఇదంత నేనేనా?”

“నువ్వే అవ్వా.”

“గీ పక్కకున్నది?”

“అది ఉర్దూల నువ్వు.”

“ఉర్దూల గూడ గిట్లనే ఉన్ననా?” అని ఆమె నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, “రేపు రా కొడుకా. ఇయ్యాల వద్దు. గీ కొత్తాయనను చూసి గౌరి బెదిరింది, పాలు చేపుతలేదు” అని నన్ను చూపించింది.

మరునాటి నుంచి ఆమె పాడింది. రోజుకొకటి. ఆయన రాసుకున్నారు. అప్పటికే వానలు పట్టాయి. మొదటి రోజే ఆయన ఒళ్ళు వెచ్చగా ఉందని వదిన చెప్పింది. రెండో రోజు గడప దగ్గర అడ్డం నిలబడిందట. నేనూ చెప్పాను. “జరం తగ్గినంక పోవచ్చు కదన్నా, పాట ఏడికి పోతది?” అన్నాను. “నా ఫికర్ చెయ్యకు. ఆమె ఊపిరి నా జరం కన్న తొందరల ఉన్నది” అన్నారు. మూడో రోజు వానలో తడిసి ముద్దై వచ్చి, ఆ స్వరం శుభ్రంగా తిరగరాసి, మంచం పట్టారు. మళ్ళీ లేవలేదు.

చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఆయనకు స్పృహ ఉంది. “నాలుగోది రేపు పాడుతనన్నది. నువ్వు పో” అన్నారు.

“నాకు స్వరం రాదు కదన్నా.”

ఆయన నా వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ చూపుకు నేను ఈనాటికీ జవాబు చెప్పలేదు.

కర్మకాండ ముగిశాక చాంద్రాయణగుట్టకు వెళ్ళాను. సాయమ్మకు వార్త ముందే తెలిసింది. ఆమె నన్ను చూసి ఏడవలేదు. “నా పేరు ఏసిండు. మాట నిలవెట్టిండు. నేను బాకీ పడ్డ” అన్నది. గౌరి దగ్గర కూర్చుని, పాలు పితుకుతూ, నాలుగో పాట నాకు పాడింది.

నేను చేతనైనంత రాసుకున్నాను. మాటలు వచ్చాయి. తాళం ఏడు మాత్రలని లెక్కపెట్టాను. అది నిజమేనని నమ్ముతున్నాను. స్వరం మాత్రం నా మీదుగా వెళ్ళిపోయింది. నా ఎదురుగా, మూరెడు దూరంలో పాట ఉంది. పట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎన్నేళ్ళు ఆ మనిషి పక్కన కూర్చున్నాను! పుటలు లెక్కపెట్టాను కాని ఒక్క స్వరం నేర్చుకోవాలని తోచలేదు.

తర్వాత విద్వాంసుల ఇళ్ళకు తిరిగాను. ఒకరు, ఆమెను తమ ఇంటికి తీసుకురమ్మన్నారు. ఆమె నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంది. మరొకరు, గేదెల కొట్టంలోనా అని అడిగి ఊరుకున్నారు. ఒక హార్మోనియం మాస్టారు మాత్రం దయతో వచ్చారు. సాయమ్మ పాడింది. ఆయన రాసుకుని, వాయించి చూపించారు. ఆమె మధ్యలోనే చేయి అడ్డం పెట్టింది.

“నేను గట్ల అనలేదు అయ్యా.”

“అక్కడ స్వరం తప్పుతున్నది అవ్వా. అది భూపాలం. నేను సరిచేసిన.”

“నువ్వు నా పాట రాస్తలేవు బిడ్డా. నీకొచ్చిన పాట రాస్తున్నవు.”

మాస్టారు నొచ్చుకుని వెళ్ళిపోయారు. ఆయనను తప్పు పట్టను. చదువుకున్న చెవికి సరిచేయకుండా ఉండటం కష్టం. విన్నది విన్నట్టు రాయగల చెవి ఒక్కటే ఉండేది. దాన్ని మట్టి కప్పిన చోట నేనూ పిడికెడు మట్టి వేసి వచ్చాను.

ఇప్పటికీ వీలైన రోజు చీకటితో వెళ్తున్నాను. ఆమె పాడుతుంది, మానలేదు. కాని వరుస మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నది. ఆ ఆగడం పాటలోనిదో, రోగానిదో నాకు తెలియదు. అనంతయ్య గారైతే ఒక్కసారి విని చెప్పేవారు. అది తెలిసిన మనిషి లేకుండా గడిచే ప్రతి తెల్లవారూ పాటలోంచి కొంత చెరిగిపోతున్నట్టే. చందాదారుల నుంచి కార్డులు వస్తూనే ఉన్నాయి. గులాబీ కాగితం దాచుకున్నామనీ, పాటలు ఎప్పుడు వస్తాయనీ అడుగుతున్నారు. మొన్న ఒకరు ఆ కాగితానికి అద్దం కట్టించానని రాశారు. వారికి ఏమి రాయాలో తెలియక కార్డులన్నీ అలాగే పెట్టుకున్నాను.

అనంతయ్య గారు విద్వాంసుల చరిత్రలో చేరే మనిషి కారు. కచేరీ చేయలేదు, కృతి రాయలేదు. ఎవరి పాట ఎక్కడ ఉన్నదో చూపించే ఒక పుటను జీవితమంతా దిద్దారు. ఆ పుటలో ఒక్క పేరు తీసేశారు. ఆ పేరును తిరిగి దాని చోట పెట్టడానికి ప్రాణం ఇచ్చారు. వారి వంటివారు మళ్ళీ వస్తారని రాసి నన్ను నేను ఓదార్చుకోలేను. రారు.

కాని వారి వంటివారు కాకపోయినా సరే. ఈ వ్యాసం చదువుతున్నవారిలో, విన్న స్వరాన్ని మార్చకుండా రాయగలవారు ఎవరైనా ఉంటే, అఫ్జల్‌గంజ్‌లో రహీమ్ సాబ్ రాతి అచ్చు ప్రెస్సులో నా పేరు చెప్పండి. ఏ తెల్లవారుజామునైనా మీ వెంట నడిచి వస్తాను. గేదె బెదరకుండా నేను గోడ అవతలే నిలబడతాను. దయచేసి తొందరగా రండి. ఈ వారం ఆమె రెండు రోజులు పొదుగు దగ్గరకు లేవలేదు. పదకొండు పాటలు ఇస్తామని అచ్చులో మాట ఇచ్చి ఉన్నాం. అనంతయ్య గారు తమ చేత్తో రాసి ఇచ్చినవి మూడు. ఈ ఉదయానికి ఇంకా ఇవ్వవలసినవి ఎనిమిది.